మూడు వందల పదమూడు పిందెలు

మే నెలలో నూజివీడులో మనిషి దొరకడు. కుళాయి బాగుచేయడానికి దొరకడు, ఇంటికి సున్నం వేయడానికి దొరకడు, పెళ్ళికి పిలిస్తే భోజనానికి కూడా దొరకడు. అందరూ మామిడికాయల మీద ఉంటారు. సలహా చెప్పడానికి మాత్రం ఎంతమంది కావాలంటే అంతమంది. సుభద్ర టీచరుకు ఈ సంగతి తెలియనిది కాదు. కానీ ఇంట్లో కంప్యూటరు మొరాయించాక గానీ దాని లోతు ఆమెకు తెలిసిరాలేదు.

ఆ కంప్యూటరుకు తొమ్మిదేళ్ళు. వారం రోజులుగా, ఆన్ చేసిన ఇరవై నిమిషాలకు గానీ కళ్ళు తెరవడం లేదు. తెరిచాక కూడా తెర మూల ఒక చిన్న పెట్టె లేచి, డిస్కులో చోటు లేదని చెప్పి, మళ్ళీ అంతా కదలకుండా నిలబడిపోతోంది. సుభద్ర ఈ మాట తోటి టీచరు మాధురికి ఫోనులో చెప్పింది. అదే తప్పయింది.

తెరకు ఎడమపక్క కలబంద మొక్క పెడితే వేడి లాగేస్తుందని మాధురి ఒక ఫార్వర్డు పంపింది. దక్షిణం వైపు ముఖం పెట్టిన యంత్రం ఎక్కడైనా బాగుపడిందా అని ఎదురింటాయన గోడ మీదుగా అడిగాడు. పాలబ్బాయి, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా అని అడిగి, చేశానని ఆమె చెప్పగానే, అయితే ఇంక ఏమీ చేయలేమన్నట్టు తల ఊపి వెళ్ళిపోయాడు.

రవిచంద్ర సలహా వేరు. అతనికి బస్టాండు దగ్గర కంప్యూటర్ల షాపుంది. జ్వరమొచ్చినా దగ్గొచ్చినా కాలు బెణికినా ఒకటే సూది వేసే పాతకాలపు డాక్టరు లాంటివాడు. ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా ఫార్మాటే అంటాడు, కీబోర్డు మీద కాఫీ ఒలికినా ఫార్మాటే అంటాడు. ముసునూరు నుంచి ఒకాయన మౌసు కొనుక్కుందామని వచ్చి ఇంటికి వెళ్ళి చూసుకుంటే ల్యాప్‌టాప్ అంతా ఖాళీగా ఉందని చెప్పుకుంటారు.

"ఫార్మాట్ కొట్టేద్దామండీ టీచరుగారూ. ఇప్పుడే షాపులోంచి తెచ్చినట్టయిపోద్ది," అన్నాడు ఫోనులో.

"మరి లోపల ఉన్నవి?"

"లోపల ఏముంటాయండీ, పాత సరుకే కదా."

ఆలోచించి చెబుతానని సుభద్ర ఫోను పెట్టేసింది.

లోపల ఏముందో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆమె భర్త సత్యనారాయణమూర్తి తమ్ముడితో కలిసి మామిడికాయల కమీషను కొట్టు నడిపేవాడు. రెండేళ్ళ కిందట గుండెనొప్పి వస్తే డాక్టరు కొట్టుకు వెళ్ళవద్దని ఇంట్లో కూర్చోబెట్టాడు. ఊరకే కూర్చోవడం చేతకాని మనిషి, కంప్యూటరులో తెలుగు కొట్టడం నేర్చుకున్నాడు. ఆగస్టు రెండో తేదీ నుంచి రోజుకొక ఫైలు. ఫైలుకు ఆ రోజు తేదీయే పేరు. లోపల రెండు మూడు వాక్యాలు. జూన్ పదో తేదీ దాకా రాశాడు. పదకొండో తేదీ పొద్దున లేవలేదు.

పెద్దకర్మ అయ్యాక, బ్యాంకు కాగితమేదో వెతుకుతుంటే ఆ ఫైళ్ళు సుభద్ర కంటపడ్డాయి. మూడు వందల పదమూడు. ఒక్కటీ తెరవలేదు. ఆగస్టు రెండు వచ్చేదాకా ఆగి, ఆ రోజు మొదటిది చదివింది. అప్పటినుంచి ఏ తేదీది ఆ తేదీనే. పరీక్ష పేపరు ముందురోజు విప్పి చూడనట్టే, రేపటిది ఈరోజు చూడలేదు. ఇవాళ మే పంతొమ్మిది. ఇవాళ్టిదీ కలుపుకుంటే ఇంకా ఇరవై మూడు ఉన్నాయి.

వాటికి ఇంకో కాపీ లేదు. ముఖ్యమైనవి రెండుచోట్ల దాచుకోండర్రా అని పదో తరగతి పిల్లలకు ఏటా చెప్పే టీచరు తను మాత్రం దాచుకోలేదు.

మధ్యాహ్నం రెండింటికి మరిది ఫణి ఆటోలో దిగాడు. అన్న పోయాక కొట్టు అతనే చూసుకుంటున్నాడు. కంప్యూటర్ల గురించి తనకు తెలిసినంత రెడ్డిగూడెం నుంచి బాపులపాడు దాకా ఎవరికీ తెలియదని అతని నమ్మకం. అందుకు అతను చూపించే రుజువు, ఇప్పటికి నాలుగు ఫోన్లు మార్చడం. అతని వెనకే ఆవకాయ కాయల బస్తాతో రాజ్యలక్ష్మి దిగింది. ఆమె ఆ కొట్లో పన్నెండేళ్ళుగా కాయలు ఏరుతోంది. ఏడాది తిరగలేదు కాబట్టి సుభద్ర ఇంట్లో ఈసారి పచ్చడి లేదు. కానీ ముక్కలు కొట్టే పెద్ద కత్తి మాత్రం ఈ ఇంట్లోనే ఉంది. అందుకని ఫణి ఇంటి కాయలు ఈ వరండాలోనే కొట్టాలి.

ఫణి కంప్యూటరు ముందు కూర్చుని, దాని మీద కప్పిన గుడ్డ లాగేసి, టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పాడు.

"వదినా, కంప్యూటరన్నా కాయల కొట్టన్నా ఒకటేనండీ. సరుకెక్కువై గాలాడక మగ్గిపోతోంది. ఏరాలి."

"ఏమేం తీసేస్తావు?"

"పనికిరానివి."

"అందులో మీ అన్నయ్యవి ఉన్నాయి. జాగ్రత్త."

"అన్నయ్యవి నాకు తెలీవా! మీరెళ్ళి కాఫీ పెట్టండి."

ఇంకొక్క వాక్యం చెప్పి ఉంటే సరిపోయేది. ముప్ఫై ఏళ్ళుగా పిల్లల వ్యాసాల్లో అదనపు మాటలు కొట్టేసి కొట్టేసి, సుభద్రకు తన మాటలు కూడా కొట్టేసుకోవడం అలవాటైపోయింది. ఆమె వంటింట్లోకి వెళ్ళింది.

పాలు పొంగేలోపు ముందుగదిలోంచి గ్రేడింగు వినపడుతూనే ఉంది.

"అన్నీ ఒకే గోనెలో వేసినట్టు పెట్టాడమ్మా అన్నయ్య! ఉండు, సైజుల వారీగా పెడతా... అబ్బో, నలభై జీబీ! రాజ్యం, ఇది ఫస్టు రకం!"

"ఏంటి బాబూ అది?" వరండాలోంచి రాజ్యలక్ష్మి.

"మా పూజిత పెళ్ళి వీడియో. ఇదిగో ఇంకోటి, ఇదీ నలభై!"

"అదేంటండీ?"

"ఇదీ పూజిత పెళ్ళే. మూడోది కూడా ఉంది. అన్నయ్యకి మా అమ్మాయంటే ఎంత ప్రేమో చూడు."

వరండాలో రాజ్యలక్ష్మి కత్తి టెంక మీద గట్టిగా పడింది.

సుభద్ర కాఫీ గ్లాసుతో వచ్చేసరికి ఫణి కుర్చీలో వెనక్కి వాలి, లారీ లోడెత్తించిన వాడిలా కండువాతో మెడ తుడుచుకుంటున్నాడు.

"అయిపోయింది వదినా. పెద్దది ఒక్కటి కూడా ముట్టుకోలేదు. అడుగున అన్నీ పిందెలేనండీ, ఒక్కోటి ఒక్క కేబీ! చెట్టుకు బరువు తప్ప ఎందుకవి? మొత్తం మూడు వందల పదమూడు. ఒక్క దెబ్బకి ఏరి పారేశా."

సుభద్ర గ్లాసు బల్ల మీద పెట్టింది. ఒలకలేదు.

"ఎన్ని?"

"మూడు వందల పదమూడు."

"అవి మీ అన్నయ్యవి, ఫణీ. రోజుకొకటి రాశారు."

ఫణి మొహంలో ధీమా కాయ రాలినట్టు రాలిపోయింది. తెర వైపు చూశాడు. వదిన వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే తెర మూల చిన్న పెట్టె లేచి, డిస్కులో చోటు లేదని మళ్ళీ చెప్పింది. మూడు వందల పదమూడు ఫైళ్ళూ కలిపినా పెళ్ళి వీడియోలో పూజిత పూలజడ పాటి చోటు కూడా పట్టవు.

"నాకు చెప్పొచ్చుగా వదినా..." అని గొణిగాడు. వెంటనే ఫోను తీసి రవిచంద్రకు కలిపి స్పీకరు పెట్టాడు.

"కంగారేం లేదండీ," అన్నాడు రవిచంద్ర. "పోయినవాటిని వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేరు నా దగ్గరుంది. రెండు జీబీ. లింకు పెడతా, ఎక్కించెయ్యండి. తర్వాత ఎందుకైనా మంచిది, ఒకసారి ఫార్మాట్ కొట్టేద్దాం."

"ఎక్కించడానికి చోటు లేదంటోందయ్యా ఇది!"

"అయితే ముందు ఆ చెత్తబుట్ట ఖాళీ చెయ్యండి. చోటు దానంతటదే వస్తుంది."

దారి దొరికిందని ఫణికి ప్రాణం లేచొచ్చింది. సుభద్ర కిటికీ వైపు తిరిగి నిలబడింది. కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. ఇవాళ్టి తేదీ నుంచి జూన్ పది దాకా ఆమె మనసులో వరసగా లెక్కపెట్టుకుంటోంది. ఎందుకో ఆమెకే తెలియదు. వెనక మౌసు టిక్కుమన్న చప్పుడైంది.

"బాబూ." రాజ్యలక్ష్మి గుమ్మంలో నిలబడి ఉంది. మోచేతుల దాకా జీడి మరకలు. "ఏరేసినవి ఎక్కడ పోశారండీ?"

"బుట్టలోకి పోతాయిలే. నువ్వు ముక్కలు కొట్టుకో."

"ఆ బుట్టేనా ఇప్పుడు పారబోసేది?"

"ఆఁ, అదే."

"తాండ్రోళ్ళు చూడకుండానే పారబోస్తారేంటండీ?"

"ఏంటి?"

"కొట్లో ఏరేసిన కాయని పొద్దుగూకేదాకా ఎవర్నైనా ముట్టుకోనిస్తారా మీరు? మామిడితాండ్ర పోసేవాళ్ళొచ్చి పనికొచ్చేవి ఏరుకున్నాకే కదా పారబోసేది. నేనొకసారి ఒక్క ట్రే ముందే గుమ్మరించానని పెద్దబాబుగారు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన పెట్టిన పద్ధతి ఆయనింట్లోనే లేదా?"

సుభద్ర గిరుక్కున తిరిగింది.

"ఫణీ, చెయ్యి తియ్యి."

ఫణి పెనం మీంచి తీసినట్టు చెయ్యి తీశాడు. "నొక్కారా అండీ?" అంటోంది స్పీకరు. సుభద్ర కళ్ళద్దాలు పెట్టుకుని వంగింది. తెర మధ్యలో ఒక పెట్టె నిలబడి ఉంది. ఇలాంటి పెట్టె ఎప్పుడు లేచినా ఇంటిల్లిపాదీ చదవకుండా ఎస్ నొక్కడం అలవాటు. ఆమె మాత్రం తరగతిలో చదివించినట్టు ఒక్కో మాటా చదివింది. మూడు వందల పదమూడు ఫైళ్ళను శాశ్వతంగా తీసేయమంటారా అని అది అడుగుతోంది. కంప్యూటరుకున్న మర్యాద మనకు లేకపాయె అనుకుని, వద్దు అన్నదాని మీద నొక్కింది.

బుట్ట తెరిచింది. అన్నీ ఉన్నాయి. ఆగస్టు రెండు మొదలు జూన్ పది దాకా, ఏ తేదీకి ఆ తేదీ. అన్నిటినీ పట్టుకుని, ఎక్కడివక్కడికి తిరిగి పంపమని చెప్పింది. అది పంపింది. సాఫ్ట్‌వేరు లేదు, లింకు లేదు. కలబంద కూడా అక్కరలేకపోయింది.

"వచ్చేశాయా? చూశారా, నేను చెప్పలేదూ!" అంది స్పీకరు. ఫణి ఫోను కట్టేశాడు.

సుభద్ర కుర్చీలో కూర్చుంది. తర్వాత సైజు పెద్దవి పైన ఉండేలా పెట్టి, పూజిత పెళ్ళి రెండో కాపీ మీద వేలు ఉంచింది.

"వదినా! అది మా అమ్మాయి పెళ్ళండీ!"

"ఒకసారే కదా ఫణీ అయింది. మూడుసార్లు ఎందుకు?"

"ఫస్టు రకం సరుకు..."

"చోటు లేదని గోల పెడుతున్నప్పుడు తీయాల్సింది పెద్దవాటిని. అందులోనూ రెండేసి ఉన్నవాటిని. మొదటిది విప్పి, బాగా ఆడుతోందో లేదో చూసి, మిగతా రెండూ తీస్తాను. సాయంత్రం దాకా బుట్టలోనే ఉంచుతాను. తాండ్రవాళ్ళు ఎవరైనా వస్తారేమో చూడు."

గుమ్మంలో రాజ్యలక్ష్మి కొంగుతో మూతి కప్పుకుంది. "సైజు చూసి ఏరడం ఎవరు నేర్పారండీ బాబుగారికి? ఆ లెక్కన చిన్నరసాలన్నీ కాలవలో పొయ్యాలి. వాటినే కదా రేటు పెంచి అమ్ముకుంటారు!"

"నువ్వు ముక్కలు కొట్టు రాజ్యం."

"కొడతానండీ. టీచరుగారికి దొరికాయో లేదో చూసి పోదామని."

సుభద్ర మే పంతొమ్మిది తెరిచింది.

"ఎండ దంచేస్తోంది. యార్డులో ఎవరో ఫణిని ఏదో అడిగారట, రెండు గంటలు చెప్పి వచ్చాడు. సుభద్ర రోజుకో రవ్వ చొప్పున నా కాఫీలో పంచదార తగ్గిస్తోంది. నాకు తెలియదనుకుంటోంది. తెలిసిందని నేనూ చెప్పలేదు."

ఆమె దాన్ని రెండోసారి చదవలేదు. బల్ల మీద గ్లాసు వైపు చూసింది. కాఫీ మీద మీగడ కట్టింది.

"ఏం రాశాడు వదినా?" ఫణి గొంతు తగ్గించి అడిగాడు.

"కాఫీ గురించి."

"అంతేనా?"

"నీ గురించి కూడా ఒక వాక్యం ఉంది."

"ఏమనండీ?"

"నిజమే రాశారు."

ఫణి అటూ ఇటూ కదిలి, చివరికి ధైర్యం చేశాడు. "అన్నీ ఇప్పుడే చదివేసుకోరాదండీ? మళ్ళీ ఏ రవిచంద్ర చేతిలోనో పడితే..."

"రోజుకొకటే," అంది సుభద్ర. ఫైలు మూసింది. "నువ్వు మాత్రం ఇప్పుడే వెళ్ళి పెన్‌డ్రైవు పట్టుకురా. ఇంకో కాపీ తీసి బీరువాలో పెడతాను."

ఫణి చెప్పుల్లో కాళ్ళు పెట్టి మెట్లు దిగాడు. ఆటో దగ్గర అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాడు.

"ఎంత సైజుది తెమ్మంటారు వదినా?"

"వాళ్ళ దగ్గర అన్నిటికన్నా చిన్నది," అంది సుభద్ర.