ఒంటి మీది ఉప్పు

పొద్దు వాలే వేళకు ఎర్రమ్మ గుడిసె ముందు చాప పరిచేది. కొడుకు పోలారావు బడి నుంచి వచ్చి, చొక్కా విప్పి, ఆమెకు వీపు తిప్పి కూర్చునేవాడు. ఎర్రమ్మ ఆల్చిప్ప తీసుకుని ఆ వీపు మీద పేరుకున్న ఉప్పును గీకేది. గవ్వలపేటలో ఏ ఇంట్లోనైనా జరిగే పనే అది. మాట పడ్డవాడి ఒంటి మీద ఉప్పు పుడుతుంది. అత్త చేత తిట్లు తిన్న కోడలికి మోచేతుల మీద, వల చింపి నలుగురిలో నగుబాటైన మగవాడికి మెడ మీద. ఇంట్లో ఎవరో ఒకరు గీకుతారు. మనిషి తేలికపడి అన్నం తింటాడు.

ఒకసారి ఉప్పు జవాను వచ్చి కుండలో ఉప్పు చూసి, సర్కారుకు తెలియకుండా చవిటి నేలలో తీశారా అని గద్దించాడు.

"ఇది మావోడి ఈపు మీదిది బాబూ," అంది ఎర్రమ్మ. "మనిసి ఒంటి మీద పుట్టిందానికీ పన్నుందేటి?"

జవాను తన పుస్తకం మూడుసార్లు తిరగేశాడు. అందులో ఆ సంగతి లేదు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

పలాస మీదుగా రైలు నడవడం మొదలై అప్పటికి ఇరవయ్యేళ్ళు కావస్తోంది. ఉద్దానం తోటల మధ్య పెదమామిడిలో బోర్డు బడి కొత్తగా పెట్టారు. రైతుల పిల్లల మధ్య గవ్వలపేట నుంచి వెళ్ళే జాలరి పిల్లవాడు పోలారావు ఒక్కడే. ఎర్రమ్మ తమ్ముడు ఏదో కాగితం మీద వేలిముద్ర వేసి బర్మా కూలికి రంగం ఓడ ఎక్కాడు. ఆ కాగితంలో ఏముందో అతనికి తెలియదు. మళ్ళీ తిరిగి రాలేదు. తన కొడుకు చదవని కాగితం మీద వేలు పెట్టకూడదని ఎర్రమ్మ పట్టుదల.

మొదట్లో రోజుకు చిటికెడు ఉప్పు వచ్చేది. తర్వాత గిద్దెడు. ఆ పైన సోలెడు.

"ఈయేల ఎవుడన్నాడ్రా?"

"కూర్మారావే. 'కంపు పోలిగాడొచ్చాడు, ముక్కులు మూసుకోండొరే' అన్నాడు. అందరూ మూసుకున్నారు. పలక మీద సేప బొమ్మేసి నా మెళ్ళో కట్టినారు."

"మేష్టరేటన్నాడు?"

"నవ్వినాడు."

కూర్మారావు పెదమామిడి మునసబు వైకుంఠరావు గారి ఒక్కగానొక్క కొడుకు. పదమూడేళ్ళవాడు, బడిలో అందరికన్నా బలిష్ఠుడు. జగదీశ్వరరావు మేష్టారికి మునసబు ఇంట్లోనే భోజనం. అందుచేత కూర్మారావు ఏం చేసినా ఆయనకు పిల్లల సరదాగానే కనిపించేది. తగిలిన చోట నెత్తురు రాదు గనక మాటను దెబ్బ కాదనుకోవడం పెద్దవాళ్ళు చేసే తప్పుల్లో పెద్దది.

ఎర్రమ్మ మొదట ఏడుస్తూ గీకేది. "సదువు గావాలంటే పడాల నాయనా," అనేది. అయితే ఆ ఉప్పుతో ఎండబెట్టిన చేప ముసురు పట్టిన వానల్లో కూడా పాడయ్యేది కాదు. టెక్కలి సంతలో ఆడవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి ఆమె తట్ట దగ్గరే కూర్చునేవారు. మెల్లగా ఎర్రమ్మ ఏడుపు ఆగింది. "ఎవుడన్నాడు" అని అడగడం మాని "ఎంతొచ్చింది" అని చూసుకోవడం మొదలుపెట్టింది. తనలో వచ్చిన ఈ మార్పు ఆమెకే తెలియదు.

ఒకనాడు చిప్పకు చిటికెడే వచ్చింది. ఆ రోజు కూర్మారావు బడికి రాలేదట.

"ఇంతేనేటి?" అంది ఎర్రమ్మ, కుండలోకి చూసుకుంటూ.

పోలారావు మెడ తిప్పి తల్లి ముఖంలోకి చూశాడు. లేచి చొక్కా వేసుకున్నాడు.

మర్నాటి నుంచి వాడి వీపు నున్నగా ఉండేది. జుట్టు మాత్రం తడిగా ఉండేది. అనడం మానేశారు కాబోలు, మంచిదే అనుకుంది ఎర్రమ్మ. అనుకుంటూనే ఖాళీ అవుతున్న ఉప్పుకుండ వైపు చూసింది. పెద్దతల్లి అనే ఆమె అత్త మాత్రం గుమ్మంలో కూర్చుని సణిగింది: "తడి జుట్టుతో వత్తన్నాడే గుంటడు. సముద్రంలో కడుక్కుని వత్తన్నాడేమో సూడు. గీకితే బైటికొత్తాది, కడిగితే లోపలికి పోతాది. లోపలికి పోయింది కంట్లోంచి రావలసిందే, ఇంకో దారి నేదు."

ఎర్రమ్మ వినలేదు. పోలారావు గంజి సగం వదిలేస్తున్నాడు. రాత్రి గోడ వైపు తిరిగి కళ్ళు తెరుచుకుని పడుకుంటున్నాడు. తోటివాళ్ళు ఆటకు పిలిస్తే పలకడం లేదు. నెల రోజులు ఇలాగే గడిచాయి.

ఒక సాయంత్రం వాడు చేపల కత్తి తీసుకుని రాయి మీద నూరుతూ కూర్చున్నాడు. చెప్పకుండానే పని అందుకుంటున్నాడని తల్లి మురిసింది. తెల్లారి పలక చంకన పెట్టుకుని గుమ్మం దాటుతూ వాడు ఆగాడు.

"అమ్మా, రేపట్నించి నా ఈపుకి సిప్ప ఎట్టక్కర్నేదులే."

"అలాగే నాయనా," అంది ఎర్రమ్మ, సంతోషంగా.

ఆ పొద్దుటే దిబ్బ మీద కాపలా ఉన్న ముసలాయన గావుకేక పెట్టాడు. "కవళ్ళూ! కవళ్ళొచ్చీసినాయిరోయ్!"

నీళ్ళ మీద తోట నీడ పడ్డట్టు పెద్ద నల్లటి మచ్చ. దాని మీద తెల్లని పిట్టలు మబ్బు కమ్మినట్టు తిరుగుతున్నాయి. మూడేళ్ళుగా అంత కవళ్ళ చేపల గుంపు రాలేదు. పేట పేటంతా ఇసక మీదకు ఉరికింది. ఎర్రమ్మ మొగుడు గోవిందు, మరో పదిమంది పడవను అలల్లోకి తోసి పెద్దవలను చుట్టూ విడిచి వచ్చారు. రెండు తాళ్ళు ఒడ్డుకు చేరాయి. ఒక్కో తాడుకు నలభై మంది. ఆడా మగా, పిల్లా ముసలీ.

"హైలేసా!"

"లాగండర్రా! మీయమ్మ సద్దన్నమెట్టలేదేటి?"

"ఎట్టింది గానీ నువ్వే తినీసినావు మావా!"

నవ్వులు, కేకలు, మడమలు ఇసకలోకి దిగిపోవడం. ఎర్రమ్మ అరచేతులు మండుతున్నాయి, గుండె గంతులేస్తోంది. వల సంచి దూరంగా వెండిలా మెరిసింది. అంతలో వెనకనుంచి పెద్దతల్లి గొంతు వినిపించింది.

"ఓ ఎర్రీ! ఇన్ని సేపలు కొయ్యాలి గదా, కత్తేదే? సూరులో నేదు!"

ఎర్రమ్మ చేతులు తాడు మీద బిగుసుకుపోయాయి. నూరిన కత్తి. తడి జుట్టు. రేపట్నించి చిప్ప పెట్టక్కర్లేదు.

పెద్దవల తాడు పట్టుకున్నవాళ్ళు సంచి ఇసకను తాకేదాకా విడవకూడదు. విడిస్తే ఆ ఇంటికి ఆ వలలో వాటా ఉండదు, గంగమ్మకు కోపం వస్తుందని కూడా అంటారు. తాతల నాటి నుంచి గవ్వలపేటలో ఎవరూ విడవలేదు.

ఎర్రమ్మ విడిచింది.

"ఒసే! ఏటే! ఎక్కడికే?" అని మొత్తం తాడు అరిచింది. ఆమె అప్పటికే మొగలి పొదలు దాటింది. ముళ్ళు చీరను చీల్చాయి. కొబ్బరి తోటలో కాలువ గెంతింది. ఎదురుగా బడిపిల్లలు కేరింతలు కొడుతూ సముద్రం వైపు పరుగెత్తుకొస్తున్నారు. కవళ్ళ కబురు అక్కడికీ చేరింది. ఆ గుంపులో పోలారావు లేడు. కూర్మారావూ లేడు.

బడి అరుగు మీద మేష్టారు ఒక్కడే ఉన్నాడు.

"నా కొడుకేడి బాబూ?"

"వాడూ కూర్మారావూ జీడితోట వైపు వెళ్ళారు. ఏదో చూపిస్తానన్నాడు మీవాడు. పిల్లల సరదా..."

"సరదా!" అంది ఎర్రమ్మ. ఆ ఒక్క మాటకే మేష్టారి మెడ మీద ఉప్పు పొడిచింది. ఆమె చూడ్డానికి ఆగలేదు.

జీడిచెట్ల కొమ్మలు నేలను తాకుతున్నాయి. వాటి కింద నుంచి వంగి పరుగెత్తింది. ఎండుటాకుల మీద పెనుగులాట వినిపించింది. ముందు వాళ్ళ కాళ్ళు కనిపించాయి, తర్వాత మనుషులు. కూర్మారావు బోర్లా పడి ఉన్నాడు. పోలారావు వాడి నడుము మీద కూర్చున్నాడు. కత్తి పైకి లేచింది.

"పోలిగా!"

కత్తి దిగింది. ఠంగుమంది.

బండ మీద పడ్డట్టు మొన జారిపోయింది. పోలారావు మళ్ళీ ఎత్తి పొడిచాడు. మళ్ళీ ఠంగుమంది. చొక్కా పొడుగునా చిరిగింది.

చొక్కా కింద చర్మం లేదు. మెడ నుంచి నడుము దాకా తెల్లగా, సున్నపు గచ్చులా, బెత్తెడు మందాన ఉప్పు. ఏళ్ళ తరబడి ఎవరూ చిప్ప పెట్టని ఉప్పు. కత్తి పోటుకు దాని మీద రెండు గీతలు పడ్డాయి, అంతే.

పోలారావు చెయ్యి గాలిలోనే ఆగింది.

"అమ్మా," అన్నాడు. "ఈడికీ ఉందే."

కూర్మారావు మట్టిలో ముఖం పెట్టి వెక్కుతున్నాడు. "సూడకండి... ఎవరికీ సెప్పకండి... మా అయ్యకి తెలిస్తే..."

ఎర్రమ్మ పక్కన కూలబడింది. ఊపిరి అందడం లేదు. "ఎవుడన్నాడ్రా నిన్నిన్ని మాటలు?"

"మా అయ్యే. నేను పుట్టిన రోజే మాయమ్మ సచ్చిపోనాది. పొద్దు లెగ్గానే 'తల్లిని మింగినోడా' అంటాడు. అన్నం కాడా అంటాడు. బళ్ళోకెళ్ళి ఎవుణ్ణన్నా ఓ మాటంటే కాసేపు బరువు తగ్గినట్టుంటాది. ఇంటికెళ్తే మళ్ళీ మామూలే."

తగ్గేది కాదు, పక్కవాడి మీదకు ఎక్కేది. అంత చిన్న సంగతి ఆ పిల్లవాడికి చెప్పిన పెద్దవాళ్ళు పెదమామిడిలో లేరు. గవ్వలపేటలో ఉన్నవాళ్ళేమో ఆ ఉప్పుతో చేపలు ఎండబెట్టుకున్నారు. ఎర్రమ్మ చెంపలు వేసుకోలేదు. వేసుకోవలసినంత సిగ్గు మాత్రం పడింది.

రొంటి నుంచి ఆల్చిప్ప తీసి ఆ వీపు మీద ఆనించింది. చిప్ప ఫెళ్ళున విరిగింది. అప్పుడామె కొడుకు వైపు తిరిగింది. వాడు కత్తిని ఇంకా పట్టుకునే ఉన్నాడు.

"దానికి కత్తే కావాలి. నువ్వే తియ్యి."

"నేనా?"

"నువ్వే. బద్దగా పట్టు. సెయ్యి వణక్కూడదు, కింద తోలుంటాది."

పోలారావు కత్తిని పడుకోబెట్టి పట్టాడు. అంచు కింద నుంచి మెల్లగా లేపాడు. పెంకులా ఒక ముక్క ఊడింది. కింద లేత చర్మం, అప్పుడే పుట్టిన పిల్లాడిదిలా. గాలి తగలగానే కూర్మారావు దేహమంతా జలదరించింది.

"నొప్పెడతందేట్రా?" అన్నాడు పోలారావు.

"నేదు. సల్లగుంది. ఆపకు."

రెండో ముక్క, మూడో ముక్క. నాలుగోది తీస్తుండగా పోలారావు కళ్ళలోంచి నీళ్ళు కారాయి. చిక్కగా, తెల్లగా ఉన్నాయి. నేల మీద పడి అక్కడికక్కడే ఉప్పుగా గడ్డకట్టాయి. నెల రోజులుగా లోపల దాచుకున్నదంతా వచ్చేదాకా వాడు ఏడ్చాడు. చెయ్యి మాత్రం వణకలేదు.

ఎర్రమ్మ పెద్ద ముక్కను చెంగులో కట్టుకుని తిన్నగా మునసబు గారింటికి వెళ్ళింది. వైకుంఠరావు అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడు. చీర చిరిగి, నెత్తురు కారే కాళ్ళతో వచ్చిన జాలరి మనిషిని చూసి ముఖం చిట్లించాడు. ఆమె ఆ ముక్కను అరుగు మీద పెట్టింది.

"ఇది మీ ఇంటి ఉప్పు బాబూ. మీ పిల్లోడి ఈపు మీదిది. ఇయ్యేల ఇదే ఆడి పేణం కాసింది, నా కొడుకు పేణమూ కాసింది. మరో పాలి కాత్తాదో నేదో."

ఆయన ఆ ముక్కను తిప్పి చూశాడు. కత్తి గీతల మీద వేలు ఆగింది. చుట్ట ఆరిపోయింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ తర్వాత ఆయన మంచివాడైపోయాడని చెబితే అబద్ధం అవుతుంది. 'తల్లిని మింగినోడా' అన్న మాట మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని ఎర్రమ్మ ఒడ్డుకు చేరేసరికి వల వచ్చేసింది. మోకాళ్ళ లోతు కవళ్ళు ఎగిరెగిరి పడుతున్నాయి. గోవిందు భార్యను చూడగానే మండిపడ్డాడు.

"తాడొదిలీసినావటే! ఇంత పంటలో మనకి గుప్పెడు నేదు!"

"ఒదిలీసినాను. నేకపోతే మన పోలిగాడి మెడకి పడును తాడు."

గోవిందు కొడుకును చూశాడు, వాడి వెనక చిరిగిన చొక్కాతో నిలబడ్డ రైతుబిడ్డను చూశాడు. అప్పుడు ఎర్రమ్మ గుడిసెలోకి వెళ్ళి, అడుగున మిగిలిన ఉప్పుతో సహా కుండను తెచ్చి కెరటంలో బోర్లించింది.

ఆ రోజు నుంచి చాప మీద ఇద్దరు కూర్చునేవారు. కాపుల పిల్లవాడు జాలరి గుమ్మంలో కూర్చోవడమేమిటి అన్నవాళ్ళు రెండు ఊళ్ళలోనూ ఉన్నారు. ఆ మాటలకూ ఉప్పు పుట్టింది, ఎర్రమ్మ దాన్నీ గీకింది. వచ్చింది వచ్చినట్టు సముద్రంలో కలిపేది. చేపలకు సర్కారు ఉప్పే వాడేది. అంత రుచి రాలేదని టెక్కలి సంతలో వంక పెడితే, రాదు అనేది.

ఒకనాటి సాయంత్రం ఇద్దరి వీపుల మీదా చిప్ప పైనుంచి కిందికి నున్నగా జారింది. ఎర్రమ్మ చిప్పను వెలుతురుకు ఎత్తి చూసింది. ఏమీ లేదు. కుర్రాళ్ళు చొక్కాలైనా వేసుకోకుండా ఇసకలోకి పరుగెత్తి, ఒకర్నొకరు నీళ్ళలోకి తోసుకుంటూ కేకలు పెట్టారు.

ఆ పూట ఇంట్లో కొన్న ఉప్పు కూడా నిండుకుంది. చేపల పులుసు చప్పగా ఉడికింది. పెద్దతల్లి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మొహం అదోలా పెట్టింది.

"ఉప్పేదే?"

"నేదత్తా," అంది ఎర్రమ్మ.

ముసలామె తడిసిన తలలతో తింటున్న ఆ ఇద్దర్నీ చూసింది. కంచం ముందుకు జరిపింది.

"ఇంకో గరిటె ఎయ్యి."