ఈక ముద్ర లేని రొట్టె

పట్నం ఆఫీసులో గోడకి పటం తగిలించుకుని మా దారి తెరిచి ఉందని దానికి పచ్చరంగు పూసిన పెద్దమనుషుల్లారా, ఎవరి కళ్లతో చూసి పూశారా రంగు? మిమ్మల్నే అడుగుతున్నా. మా చెల్లెల్ని ఏట్లో కలపడానికి మీకు అక్కరకొచ్చినవి ఒక డబ్బా రంగూ, ఒక బజారు రొట్టే. కోపమొస్తే రానీండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నా, చదవండి.

మాది జీర్దరా. కొండల్లో నడవడానికొచ్చే పరదేశీయులు మా గెస్ట్‌హౌస్‌లో దిగి, మా వాకిట్లోంచే బయల్దేరతారు. దారిలో గొర్రెలవాళ్ల ఇళ్లలో పడుకుంటూ, సర్తంగ్ కనుమ ఎక్కి దిగి, చివరికి కబుద్‌లో సనమ్ బీబీ ఇంట్లో తేలతారు. అక్కణ్నించి పట్నానికి జీపు దారి ఉంది.

కనుమ దిగాక ఒక ఇరుకు లోయ. చలికాలంలో పైనుంచి జారిన మంచు అక్కడ ఏటి మీద కప్పులా నిలబడిపోతుంది. మేం దాని మీంచే దాటతాం. పైకి అదెప్పుడూ తెల్లగా, రాయిలాగే కనపడుతుంది. ఏరు మాత్రం కిందనుంచి దాని పొట్ట తినేస్తూ ఉంటుంది. అందుకని ఏటా మొదటి అతిథులకంటే ముందు మా ఊరివాళ్లెవరో ఒకరు కర్రతో పొడుచుకుంటూ ఆ మంచు దాటి, కబుద్ వెళ్లి, సనమ్ బీబీ కాల్చిన రొట్టె తెచ్చి చూపించేవాళ్లు. రొట్టె వచ్చిందంటే దారి తెరిచినట్టు. అవతల ఫోన్లు పలకవు మరి.

ఈ ఏడు మీరు అది మాన్పించారు. "మీకెందుకమ్మా శ్రమ, ఇకమీదట మా మనిషే చూసి చెబుతాడు" అన్నారు. మా శ్రమ మీద మీకంత జాలి ఎప్పుడు పుట్టిందో నాకు అప్పుడే అనుమానం వేసింది.

మా చెల్లెలు నాజనీన్ కొత్తగా గైడు అయింది. ఈసారి నలుగురు పరదేశీయుల్ని తనే ముందుండి నడిపించాలి. మంచు మీద మొదటి అడుగు తనదే అన్నమాట. బయల్దేరే ముందురోజు వాకిలంతా సంచులూ, తాళ్లూ, దుప్పట్లూ. నేను ఎండు ఆప్రికాట్లూ ఎండు పెరుగు ఉండలూ మూటలు కడుతున్నా. గాడిదల పీర్నజర్ మామ పరదేశీయుల్లో ఒకమ్మాయి సంచి తూచి చూసి మూలిగాడు.

"ఇన్ని తువ్వాళ్లేంటమ్మా నాజో? నా గాడిదకేమన్నా పెళ్లి చేస్తున్నారా?"

"ఆవిడ రోజూ స్నానం చేస్తుందట మామా."

"కనుమ మీదా? అయితే గాడిదకీ ఒకటి ఇప్పించు. అదీ నేర్చుకుంటుంది."

అందరం నవ్వుతుండగా మీరు పంపిన మనిషి షాద్మాన్ జీపు దిగాడు. కింది ఊరి పిల్లాడే. ముక్కు చీదుకునే రోజుల నుంచీ ఎరుగుదును.

"సలాం సవ్రీ అక్కా! దారి అద్దంలా ఉంది."

"అద్దమైతే జారి పడతాం కదరా. మంచు దాటావా?"

"దాటాను."

"కర్ర పొడిచావా?"

"పొడవకుండా ఎట్లా దాటతానక్కా?" అన్నాడు. నాతో మాట్లాడుతూ టీ కెటిలు వంక చూస్తున్నాడు.

"దాటినవాడివి కొండ దిగి రావాలి గానీ, జీపులో ఎట్లా వచ్చావ్?"

"కబుద్ దాకా జీపులో వెళ్లి, అటునుంచి ఎక్కి మంచు దాటి చూసి, మళ్లీ కబుద్‌కే దిగాను. సనమ్ బీబీ ఇంట్లో తిన్నా. ఇదిగో, రొట్టె పంపింది. నిన్ను అడిగానని చెప్పమంది."

"నన్నా?"

ఆవిడకీ నాకూ రెండేళ్లుగా మాటల్లేవు. ఆవిడ చారు గిన్నెలు కడిగిన నీళ్లలా ఉంటుందని నేను అతిథులతో అన్నాను. అది ఆవిడ చెవిన పడింది. అలాంటి మనిషి నన్నెందుకు అడుగుతుంది?

"కోపం పోయిందేమోలే అక్కా, పెద్దావిడ" అంది నాజనీన్.

వాడి బూట్లు చూశా. శుభ్రంగా ఉన్నాయి. కడుక్కుని ఉండొచ్చు. ముక్కు చూశా. ఎర్రగా కాలి తోలు ఊడుతోంది. అలా కాలడానికి మంచు మీద తిరగాలి, ఆఫీసులో కూచుంటే కాలదు. నా అనుమానం సగం చల్లారింది. మిగతా సగం పొయ్యిలో నిప్పులా అట్టే ఉంది.

"అక్కా, పోలీసులా ఆ ప్రశ్నలేంటి? నేను వెళ్లడం నీకిష్టం లేదు, అంతేగా?" నాజనీన్ లోపలికి లాక్కెళ్లి నామీద విరుచుకుపడింది. "నువ్వు వంటింట్లోనే ఉండిపోయావని నేనూ ఉండిపోవాలా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. రొట్టె గుడ్డలో చుట్టి ఉంది. ఎలా ఉందో అలాగే గూట్లో పెట్టా. ప్రయాణపు రొట్టెని బయల్దేరేటప్పుడే విప్పాలి.

తెల్లారి ఎండ వాకిట్లోకి వచ్చింది. గాడిద మీద బరువు కట్టడం అయింది. మామూలుగానే నాజనీన్ గడప దగ్గర నిలబడింది. వెళ్లేవాళ్లు రొట్టె ఒక అంచున కొరకాలి. మిగతాది గోడకి వేలాడదీస్తాం. తిరిగొచ్చి దాన్ని వాళ్లే తినాలి. రొట్టె పిలిస్తే మనిషి రాక తప్పదంటారు. పరదేశీయులు ఫోన్లు పైకెత్తి సిద్ధంగా ఉన్నారు.

నాజనీన్ గుడ్డ విప్పి రొట్టెని రెండు చేతులా ఎత్తింది. ఎండ దాని మీద ఏటవాలుగా పడింది. నేను చెయ్యి అడ్డం పెట్టా.

"మళ్లీ ఏంటక్కా?"

"కొరక్కు. ఇటివ్వు."

కాల్చే ముందు రొట్టె నడుమ పొంగకుండా గుచ్చుతాం కదా. మాకూ పట్నం బజారువాళ్లకీ మేకుల ముద్రలున్నాయి. మేకు గుచ్చితే చుక్క పడుతుంది. సనమ్ బీబీది ఈకల ముద్ర. కోడి ఈకల మొదళ్లు కట్టగట్టి గుచ్చుతుంది. ఈక మొదలు బోలుగా ఉంటుంది గనక చుక్కకి బదులు చిన్న సున్నా పడుతుంది. ఆవిడ రొట్టె మీద గుప్పెడు సున్నాలుంటాయి. నా చేతిలో ఉన్నదాని మీద అన్నీ చుక్కలే.

"షాద్మాన్, ఇది సనమ్ బీబీ రొట్టేనా?"

"అవునక్కా."

"ఇది మేకుల ముద్ర."

"కొత్తది కొనుక్కుందేమో."

"కొనుక్కోకూడదా?" నాజనీన్ అందుకుంది. "నీకు ఆవిడంటే పడదు. ఇప్పుడు ఆవిడ రొట్టె కూడా గిట్టదు!"

కొనుక్కుని ఉండొచ్చు. ఎవరు కాదనగలరు? వాకిట్లో అందరూ నన్నే చూస్తున్నారు. పరదేశీయులు ఇదంతా మా ఆచారంలో భాగమనుకుని నవ్వుతూ ఫొటోలు తీస్తున్నారు.

"సరే. నాదే అనుమానపు జబ్బు అనుకుందాం. మందు కూడా నేనే చెబుతా. ఇవాళ నువ్వు కొరుకు షాద్మాన్. 'నేను ఆ మంచు దాటాను, అబద్ధమైతే ఈ రొట్టె నన్ను కొట్టాలి' అని కొరుకు. కొరికి, వీళ్లకి ముందు నువ్వు నడువు."

వాడు నవ్వాడు. రొట్టె అందుకున్నాడు. "ఇంత చిన్నదానికి రొట్టెని లాగుతావా అక్కా" అన్నాడు. చేతులు మాత్రం పైకి లేవలేదు.

పీర్నజర్ మామ తాడు కింద పెట్టాడు. "కొరకరా అబ్బాయ్. రాత్రి నా ఇంట్లో ఎముకలు చీకినప్పుడు నీ పళ్లు బాగానే ఉన్నాయిగా."

వాడు రొట్టెని మెల్లగా గుడ్డ మీద పెట్టాడు. అబద్ధాలకోరైనా రొట్టెని బోర్లా పెట్టి అవమానించలేదు, ఆ మాట చెప్పాలి.

"కబుద్ దారి మీద కొండచరియ పడింది. జీపు పోలేదు" అన్నాడు. "ఎదుటి కొండెక్కి దుర్భిణీ పెట్టి చూశా. తెల్లగానే ఉందక్కా. గట్టిగానే కనపడింది."

"ఆ మాటే ఆఫీసులో చెప్పలేకపోయావా?"

"వాళ్లు పటం మీద ముందే పచ్చ పూసేశారు. నేను చెబితే రంగు మారదు, నా ఉద్యోగం మారుతుంది."

విన్నారా, పెద్దమనుషుల్లారా? మీ మనిషి నోటి మాటే ఇది.

 గాడిద మీంచి సంచులు నాజనీనే దింపింది. ఆ నలుగుర్నీ మీరు జీపెక్కించి పక్క లోయకి తీసుకెళ్లిపోయారు. ఊళ్లో పరుపులు ఖాళీగా పడున్నాయి. "సవ్రీకి రొట్టెలో దెయ్యాలు కనపడ్డాయట" అని నీళ్ల దగ్గర ఆడవాళ్లు నవ్వుకున్నారు. చెల్లెలు నాతో మాట్లాడటం మానేసింది. చివరికి ఒక పొద్దున బూట్లు కట్టుకుంటూ అంది:

"గాలిలో మాటలొద్దు. పద, చూపించు."

నేను కాల్చిన రొట్టెని ఇద్దరం చెరో అంచున కొరికి గోడకి తగిలించాం. మామ తాళ్లు పట్టుకుని తోడొచ్చాడు.

కనుమ దిగి చూశాం. మంచు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తెల్లగా, నిండుగా, ఒక్క పగులు లేకుండా పరుచుకుని ఉంది. అయ్యో, పాపం కట్టుకున్నానే అనుకున్నా. నాజనీన్ నా మొహంలోకి చూసి, "ఇదేనా?" అంది. కర్ర పట్టుకుని అడుగు వేయబోయింది.

"ఆగమ్మా, ముందు ఈ రాతి గాడిదని పంపిద్దాం" అన్నాడు మామ. అంటూనే తన నడుమంత బండరాయిని గట్టు మీంచి దొర్లించాడు. బండ మంచు నడుమదాకా పోయింది. చప్పుడేమీ రాలేదు. మాయమైంది, అంతే. అది మాయమైన చోట నల్లని కన్నం. కన్నంలోంచి ఏటి హోరు. చూస్తుండగానే చుట్టూ ఉన్న మంచు నాలుక మడిచినట్టు లోపలికి ఒరిగిపోయింది. పైన రొట్టె పొరంత మందం కూడా లేదు.

నాజనీన్ నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగేలా పట్టుకుంది.

"ముందు నడిచేది నేనే కదక్కా" అంది.

ఇంటికొచ్చి గోడ మీది రొట్టె దింపాం. చెక్కలా ఎండిపోయింది. టీలో ముంచుకుని, నలుసు కూడా మిగల్చకుండా తిన్నాం.

కబుద్ జీపు దారి బాగయ్యాక సనమ్ బీబీ దగ్గర్నుంచి కబురొచ్చింది. "ఆ నోటి దురుసుదాన్ని నేనెప్పుడు అడిగానట? వట్టి అబద్ధం" అందట. దాంతోపాటే ఒక రొట్టె పంపింది. దాని మీద అన్నీ సున్నాలే.

ఇప్పుడు వినండి. ఆ పటం దింపండి. దింపకపోతే మేమే వచ్చి దింపుతాం. షాద్మాన్‌ని ఉద్యోగంలోంచి పీకి చేతులు కడుక్కుంటే ఊరుకోం. ముందే రంగు పూయమన్నది ఎవరో పేరు బయటపెట్టండి. ఇకమీదట దారి చూసే పని మా ఊరివాళ్లకే తిరిగి ఇవ్వండి. మీ మనిషే చూడాలని పట్టుబడతారా, సరే, నాజనీన్‌ని వెంట తీసుకెళ్లండి. మంచు మీద మొదటి అడుగు మీ ఆఫీసరు వెయ్యాలి, వెనక తాడు తను పట్టుకుంటుంది. సనమ్ బీబీ ఈకల ముద్ర ఉన్న రొట్టె మా గడప మీదికి వచ్చేదాకా ఒక్క అతిథినీ ఒక్క గాడిదనీ ఈ వాకిలి దాటనివ్వం.

రొట్టె తెండి.