బొట్టు పెట్టని పిలుపు

నేను ఒక పాత ఫోన్ని. ఎక్కడో ఒక పెద్ద కర్మాగారంలో నాలాంటి వేల ఫోన్లతో కలిసి పుట్టాను. మొదట నన్ను కొన్నది స్థలాలు అమ్మే ఒక పెద్దమనిషి. ఆయన నాతో తీసినవి రెండే రకాల ఫోటోలు: ఖాళీ స్థలాలు, ఆ స్థలాల ముందు తాను. కొత్త మోడల్ రాగానే నన్ను పాత ఫోన్ల కొట్లో పడేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

అక్కడి నుంచి వీరవేణి చేతికి వచ్చాను. గోదావరి పక్కనున్న ఒక చిన్న పట్నంలో ఆమె జాకెట్లు కుడుతుంది. వానొస్తే మురుగుకాలవ పొంగి ఇళ్ళలోకి వచ్చేస్తోందని, ఎవరికి మొర పెట్టుకున్నా వినే నాథుడు లేడని విసిగి, పదకొండో వార్డులో కౌన్సిలరుగా తనే నిలబడింది. పార్టీ లేదు, జెండా లేదు, జీపు లేదు. ఉన్నదల్లా నేనే.

ఇల్లిల్లూ తిరగొచ్చు కదా అంటారేమో. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ఆడవాళ్ళని దేనికి పిలవాలన్నా కుంకుమభరిణె పట్టుకుని వెళ్ళి, బొట్టు పెట్టి పిలవాలి. వీరవేణి భర్త పోయాడు. అప్పటినుంచి ఆమె భరిణె ముట్టుకోలేదు.

"తలుపు తీసినోళ్ళకి ఇబ్బందెందుకులే అత్తా, ఫోనులోనే పిలుత్తాను" అని అత్త సూరమ్మతో అంది. నవ్వుతూనే అంది గాని, నన్ను పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది. నాకు జాలేసింది.

ఇక చూడాలి నా వైభవం! వార్డులోని ఆడవాళ్ళందరితో ఒక గ్రూపు. పొద్దున్నే కాలవ వీడియో, మధ్యాహ్నం మిషను తొక్కుతూ ఆమె కట్టిన పాట, సాయంత్రం లైవు. మీ వీధిలో ముందు ఏ పని కావాలని అడిగితే జవాబులే జవాబులు. బొటనవేళ్ళు, గులాబీలు, దణ్ణాలు కురిసేవి. వీడియో తెరవకముందే గుండె గుర్తు పెట్టేవాళ్ళుండేవారు. మనుషుల గుండెలు ఇంత చవకని నాకప్పటిదాకా తెలీదు. అవే గుండెలు అవతలి అభ్యర్థి గ్రూపులో కూడా పడుతున్నాయని నా అనుమానం.

ఆదివారం సాయంత్రం చేపల మార్కెట్ వెనక సభ అని, పైన భరిణె బొమ్మ పెట్టి మరీ గ్రూపులో పిలుపు పంపింది. "తప్పకుండా వస్తాం" అని అందరూ రాశారు. వీరవేణి మురిసిపోయి షామియానా వేయించింది, కుర్చీలు తెప్పించింది, డ్రమ్ము నిండా మజ్జిగ చేయించింది. ముందు వరసలో సూరమ్మ కూర్చుంది. ఆవిడ తప్ప ఇంకెవరూ రాలేదు.

చేసేదేం లేక నన్ను బల్ల మీది మజ్జిగ గ్లాసుకి ఆనించి లైవు పెట్టింది. తప్పకుండా వస్తామన్నవాళ్ళంతా ఇళ్ళలో కూర్చుని చూస్తున్నారు! పైగా ఒకావిడ, "జనం ఎంతమంది వచ్చారో ఒకసారి ఫోను తిప్పండి" అని రాసింది. వీరవేణి తిప్పింది. వరసగా ఖాళీ కుర్చీలు.

"మీరు రాపోతే ఎవరొత్తారండీ?" అని అడిగేసింది.

మూడో వీధి నూకరత్నం జవాబు రాసింది: "బొట్టెట్టి పిలవకుండా ఎలా వత్తాం వదినా?"

వీరవేణి ఆ ముక్కని పైకి చదివింది. "నేనెలా ఎట్టేదమ్మా?" అంది. "మా ఆయన లేరు కదా. నేనెడితే మీకు మంచిది కాదని ఊరుకున్నాను." గులాబీలు ఆగిపోయాయి, గుండెలూ ఆగిపోయాయి. ఆమెని అందరి ముందూ నిలబెట్టింది నేనేనని సిగ్గుపడ్డాను.

కాసేపటికి నూకరత్నం కొంగు బిగించి గబగబా వచ్చింది. చేతిలో తన ఇంటి భరిణె. "మంచో చెడో నువ్వే తేల్చేత్తావా వదినా? నన్నడిగేవా? ఎట్టు!" అని నుదురు ముందుకు చాపింది.

వీరవేణి భరిణె అందుకోబోతే మోచెయ్యి గ్లాసుకి తగిలింది. నేను బోర్లా పడ్డాను. లైవు నడుస్తూనే ఉంది గాని, చూసేవాళ్ళకి అంతా చీకటే. ఏమైంది, ఏమీ కనిపించడం లేదు అని రాతల మీద రాతలు, నాలో ఒకటే మోత. నూకరత్నం వంగి నా వీపు మీద అరిచింది.

"కనపడాపోతే వచ్చి చూడండే!"

వచ్చారు. చెప్పుల చప్పుడు, కుర్చీలు లాగిన చప్పుడు, "ముందు నాకెట్టు", "నన్ను తొయ్యకే" అన్న కేకలు. ఆ సంబరమంతా నేను బల్ల వాసన పీలుస్తూనే విన్నాను.

వీరవేణి గెలిచింది. కాలవ పని మొదలైంది. నా బ్యాటరీ ఉబ్బిపోయి, ఇప్పుడు కుట్టుమిషను సొరుగులో దారపుండల మధ్య పడి ఉన్నాను. గ్రూపు ఒక కొత్త ఫోనులో నడుస్తోంది. అందులో ఇప్పుడు పొద్దస్తమానం నీళ్ళ టాంకరు గొడవేనట.

కాని సభ అయ్యాక జరిగింది ఒకటి ఏ గ్రూపులోనూ లేదు. నూకరత్నం భరిణె బల్ల మీదే వదిలేసి జనం వెళ్ళిపోయారు. లైవు ఆగిపోయింది. నేనింకా బోర్లానే ఉన్నాను. సూరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కున్నట్టు వినిపించింది. ఆవిడ భర్త పోయి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు.

"అందరికీ ఎట్టేవు. నన్నొదిలేసేవేంటే?" అంది కోడలితో.

భరిణె మూత తీసిన చప్పుడైంది.