శివపార్వతి కొట్టుకి రంగు కుదిరిన సంగతి

పటమటలో శివపార్వతి పొద్దున్నే కొట్టు తీసి, గుమ్మం ముందు నీళ్ళు చల్లి, కందిపొడి సీసాల మీద దుమ్ము తుడిచి, ఎవరైనా రాకపోతారా అని రోడ్డు వైపు చూస్తూ కూచుంటుంది. వచ్చేవాళ్ళేమో కొట్టు ముందు నుంచే వెళ్ళిపోయి, మలుపు దాకా పోయి, ఫోన్ చేసి "పొడుల కొట్టు ఎక్కడండీ?" అని అడుగుతారు. పాపం, వాళ్ళ తప్పేముంది? బోర్డు ఆకుపచ్చ, అది సిద్ధాంతిగారి మాట. సీసాల మీద లేబుళ్ళు పసుపు, అది ఆడపడుచు మాట. సరుకు తిప్పే ఆటో నీలం, అది ఆటోవాడి ఇష్టం. ఇక సంచుల మీద భక్తి కొద్దీ దుర్గమ్మ బొమ్మ వేయించింది. అమ్మవారున్న సంచిని చెత్తబుట్టలో ఎవరు పారేస్తారు? ఇంట్లో మేకులన్నిటికీ తగిలించి, ఇక చోటు చాలక, "మామూలు కవర్లో ఇవ్వండమ్మా, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలేవాళ్ళు.

"ఈ దసరా చూసి మూసేద్దాం పార్వతీ. ఫోన్ల కొట్టు పెట్టుకుంటామని ఎవరో అడుగుతున్నారు," అన్నాడు భర్త వెంకటకృష్ణారావు.

శివపార్వతికి ప్రాణం ఉసూరుమంది. పెళ్ళిళ్ళలో ఆమెని ఎవరూ ఫలానా వారి భార్య అనరు, పొడుల శివపార్వతి అంటారు. కొట్టు పోతే ఇక తనని ఏమని పిలుస్తారు?

అందుకే ఆటోనగర్ వెనకుండే తబస్సుంకి కబురు పెట్టింది. ఆ పిల్ల కొట్లకి డిజైన్లు చేస్తుంది. ఆమె రంగు కుదిర్చిందంటే ఇక పెయింటరుతో పని లేదు, ప్రెస్సుతో పని లేదు. ఆ కొట్టుకు చెందినవన్నీ వాటంతట అవే ఆ రంగులోకి వచ్చేస్తాయి. ఒక బేరింగుల కొట్టుకి నీలం కుదిరిస్తే యజమాని చెప్పులతో సహా అన్నీ నీలమయ్యాయి. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఎవరూ నోరు వెళ్ళబెట్టరు. బాగుందనో, ఇంకాస్త ముదురుగా ఉండాల్సిందనో అంటారు, అంతే.

"ఒక రంగు, ఒక తీరు అక్షరాలు, ఒక గుర్తు. బోర్డయినా బిల్లయినా అవే కనపడాలి ఆంటీ," అంది తబస్సుం. "అందరి మాటలూ పక్కన పెట్టండి. మీ కొట్టుది ఏ రంగో చెప్పండి."

"నాకేం తెలుసమ్మా? నువ్వే చూడు."

"నాకూ తెలీదు. పొడి చెయ్యండి, చూద్దాం."

శివపార్వతి మూకుడు పెట్టి కందిపప్పు వేయించడం మొదలుపెట్టింది. తబస్సుం మూకుడు మీదికి వంగి, రెప్ప వెయ్యకుండా చూసింది. పప్పు దించే ముందు ఒక్క క్షణం ఒక రంగు వస్తుంది. ఎరుపూ కాదు, గోధుమరంగూ కాదు. "ఇదే ఆంటీ!" అని అరిచింది.

శివపార్వతి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ క్షణం ఆమె స్నేహితురాలు జీవరత్నానిది. ఇద్దరూ కలిసి పెట్టిన కొట్టు ఇది. వేయించి, సరిగ్గా ఆ క్షణంలో దించే పని జీవరత్నానిదే. బోర్డు రాయించేటప్పుడు, రెండు పేర్లుంటే కలిసిరాదన్నారు సిద్ధాంతిగారు. శివపార్వతి తలూపింది. బోర్డు ఎక్కిన రోజు జీవరత్నం దాన్ని ఒకసారి చూసి, గరిటె కడిగి బోర్లించి, గుణదలలో తన ఇంటికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఈవిడకి వెళ్ళి పిలవడానికి మొహం చెల్లలేదు.

మర్నాడు కొట్టు తీసిన శివపార్వతి గుమ్మంలోనే చేతులు జోడించింది. సీసాలు, సంచులు, త్రాసు, బిల్లు పుస్తకం, అన్నీ ఆ రంగే! వాటి మీద గుండ్రటి తెల్లని అక్షరాలు, మూల చిన్న గరిటె గుర్తు. చూస్తుండగానే, టీ కొట్టు దగ్గర ఆగిన ఆటో ముందు చక్రం నుంచి వెనక డాలా రేకు దాకా ఆ రంగు తిరిగింది. ఆటోవాడు గ్లాసు కింద పెట్టకుండానే "కుదిరిందమ్మా," అన్నాడు. వెంకటకృష్ణారావు చొక్కా కాలరు కూడా మారింది. ఇంత అందం తన కొట్టులో ఎక్కడ దాక్కుందా అని శివపార్వతికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

అప్పుడు చూసింది. బోర్డు ఇంకా ఆకుపచ్చగానే ఉంది. తన చీరా మారలేదు. ఇంటికి పరిగెత్తి వేరే చీర కట్టుకొచ్చింది. సీసాలకి ఆనించి చూసుకుంది. ఊహూఁ.

"అన్నీ మారాయి, మరి నేనో?" అంది భయంగా.

"రంగు నా మాట వినదు ఆంటీ. కొట్టు మాట వింటుంది," అంది, రంగు చూసిపోదామని వచ్చిన తబస్సుం తల దించుకుని.

ఇంతలో ఒక ఆటో దిగి, కోపంగా లోపలికొచ్చింది జీవరత్నం.

"ఏమే, నా గేటు మీద నీ కొట్టు రంగేంటి? పొద్దున్నే తెల్లరంగు పూస్తే అదీ ఇదే అయింది! చర్చికి కట్టుకునే తెల్లచీర చూడు, అంచు చూడు!"

నిజంగానే ఆమె ఒంటి మీది తెల్లచీర అంచు పొడుగునా ఆ రంగు మెరుస్తోంది.

"అది నా రంగు కాదే, నీదే," అంది శివపార్వతి. "సిద్ధాంతి చెప్పాడని కాదు, నా ఒక్కదాని పేరే ఉండాలని నాకూ లోపల ఉండబట్టే తలూపాను. నీకు అన్యాయం చేశాను."

శివపార్వతి స్టూలు లాక్కుని రోడ్డు మీదికి వెళ్ళి, "పడతావే!" అని భర్త అరుస్తున్నా వినకుండా పైకెక్కి, తీగలు విప్పి, బోర్డు కిందికి దించేసింది.

కొట్టు మీద ఇప్పుడు ఏ పేరూ లేదు. అయినా ఫోన్లో దారి అడుగుతూ వస్తున్న దంపతులు ఆ రంగు చూసి ఠక్కున ఆగారు. వాళ్ళ వెనకే ఇంకెవరో. కాసేపటికి గుమ్మం నిండిపోయింది. ఫోన్ల కొట్టువాళ్ళకి ఏం చెప్పమంటావని వెంకటకృష్ణారావు అడగనేలేదు. కాలరు సర్దుకుని పొట్లాలు కడుతున్నాడు.

శివపార్వతి లోపలికి వచ్చేసరికి జీవరత్నం పొయ్యి వెలిగించి మూకుడు పెడుతోంది. ఈమె పక్కన చేరి పప్పు డబ్బా అందించింది.

"ముందు ఆ కొంగు దోపుకో, మంట దగ్గర," అంది జీవరత్నం, మొహం చూడకుండానే.

కొంగు చేతిలోకి తీసుకున్న శివపార్వతి అలాగే నిలబడిపోయింది. చివరి పోగు నుంచి మొదలై, వేళ్ళ మధ్యగా, అంచంతా మెల్లగా రంగు ఎక్కుతోంది.