మన్మథరావు ఎడమ చెయ్యి

నీలవేణి రోజూ లేవగానే మొగుడు మన్మథరావు ఎడమ మోచేతికి చెవి ఆనించి వింటుంది. డయాలసిస్ కోసం అక్కడ రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. రక్తం ఉరుకుతుంటే లోపల తేనెటీగలు ముసిరినట్టు హోరు వినిపిస్తుంది. కంచిలి పక్కన వాళ్ళ ఊళ్ళో కిడ్నీలు పోయినవాళ్ళకు కొదవ లేదు. ఆ హోరు ఆగితే డయాలసిస్ ఆగుతుందని పిల్లలకు కూడా తెలుసు. కుడిచేతిలో కుట్టింది అప్పటికే పాడైంది. మిగిలింది ఇదొక్కటే.

ఆ శనివారం చెవి ఆనిస్తే ఏమీ వినిపించలేదు.

చొక్కా చెయ్యి పైకి లాగింది. నిన్న గుడిలో మొక్కుకుని తానే జబ్బకు కట్టిన పసుపు దారం కండలోకి దిగబడి ఉంది. దాన్ని కోసి పారేసి మళ్ళీ వింది. చడీచప్పుడూ లేదు. నీలవేణి మొగుణ్ణి పట్టి కుదిపింది.

"మావా, లెగు. ఆస్పత్రికెల్దాం."

"సోమారం డయాలసిస్ ఉంది గదే. అప్పుడు సెప్దాం."

ఇల్లు కాలుతున్నా తువ్వాలు వెతుక్కుని గాని కదలని మనిషి! పలాసలో డయాలసిస్ చేసే నర్సుకి ఫోన్ చేస్తే, రక్తం గడ్డకట్టి ఉంటుంది, వెంటనే విశాఖ తీసుకెళ్ళమంది. అతన్ని లాక్కెళ్ళి రైలెక్కించింది. దారం సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేకపోయింది.

విశాఖలో డాక్టర్ సుప్రజ గుప్పెడంత మనిషి. "కొయ్యాలా అమ్మా?" అని నీలవేణి అడిగితే, "సూది దూరేంత రంధ్రం చాలు" అంది.

నీలవేణి అద్దం ఇవతల నిలబడి చూసింది. మన్మథరావు మెలకువగానే ఉండి కొబ్బరి తోట కబుర్లు చెబుతున్నాడు. డాక్టరమ్మ చూపు తెర మీద, వేళ్ళు రక్తనాళంలోకి దూర్చిన సన్నని తీగ మీద. నాళం ఇరుకైన చోట తీగ మూడుసార్లు ఆగింది. ఆవిడ విసుక్కోలేదు, తొందరపడలేదు. వెనక్కి తీసి, తిప్పి, నాలుగోసారి దాటించింది. గడ్డ కరిగే మందు పంపి, తీగ మీదుగా చిన్న బెలూన్ పోనిచ్చి ఉబ్బించింది. తెర మీద రక్తం నిండు కాలవలా సాగింది. తమ ఉద్దానంలో కొబ్బరిచెట్లెక్కే మొనగాళ్ళందరినీ చూసిన నీలవేణి, ఇంత నేర్పు ఎక్కడా చూడలేదనుకుని అద్దానికే దండం పెట్టింది.

బయటికొచ్చిన డాక్టర్ని అడిగేసింది. "నాను కట్టిన దారం వల్లేనా డాక్టరమ్మా?"

సుప్రజ అబద్ధమాడలేదు. "లోపల ఇరుకు నెలల నాటిదమ్మా. దారం బిగుసుకుని దాన్ని పూర్తిగా మూసేసింది. వెంటనే తెచ్చారు కాబట్టి డయాలసిస్‌కి ఈ చెయ్యి దక్కింది. ఇంకెప్పుడూ ఆ చేతికి ఏమీ కట్టకండి."

ఆవిడ మీద గౌరవం రెట్టింపైంది. ఏడుపు మాత్రం ఆగలేదు.

"ఏడవకే," అన్నాడు మంచం మీద మన్మథరావు. "బిగుసుకుందని రాత్రే తెలిసింది. నువ్వు మొక్కి కట్టావని ఇప్పబుద్ది కానేదు."

నీలవేణి ఏడుపు ఠక్కున ఆగి కోపం ముంచుకొచ్చింది.

"నువ్వు బతకాలనే గదా మావా కట్టింది! నా దారం కోసం నువ్వు సచ్చిపోతావేటి?" అని అరిచి, చుట్టూ నర్సులున్నారన్నది కూడా మరిచిపోయి అతని గుండె మీద పడి భోరుమంది.