ఖాళీ బండి వెనక్కి

కొబ్బరి చెట్టు కాపు కాస్తుందని అందరికీ తెలుసు. ఆ కాయ తన కాళ్లమీద నాగపూరు నడిచి వెళ్లదని మాత్రం ఎవరికీ గుర్తుండదు. లారీ డ్రైవరంటే మొహం చిట్లించే పెద్దమనుషులే, పది రోజులు లారీ రాకపోతే తోటలో కాయరాశి చుట్టూ కాలుగాలిన పిల్లుల్లా తిరుగుతారు. ముప్పై ఏళ్లు సొంత లారీమీద ఆ కాయ మోసిన సత్తిరాజుకు ఇప్పుడు కళ్లల్లో శుక్లాలొచ్చాయి. లారీ కొనడానికి రావులపాలెంలో ఒక ఆసామి కాచుక్కూర్చున్నాడు.

లారీ అమ్మొద్దు, నేను తోలతానంది కూతురు రమణి. పదేళ్లుగా పొలంలో ట్రాక్టరు తోలుతున్న మనిషి, తండ్రి పక్కన కూర్చుని లారీ నేర్చుకుని పోయిన నెలే హెవీ లైసెన్సు తెచ్చుకుంది. ఆడపిల్ల లారీ తోలడమేమిటని తల్లి రాజేశ్వరమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. సత్తిరాజు అవుననలేదు, కాదనలేదు. ముమ్మిడివరం అవతల తోటలో కాయ ఎత్తాలి, బండి నువ్వే తోలు, సాయంత్రం ఆసామికి ఏదో ఒకటి చెప్పేద్దాం అన్నాడు.

అందుకే ఆ ఉదయం రమణి గుండె ఇంజనుకన్నా గట్టిగా కొట్టుకుంటోంది. అంత ఎత్తు నుంచి చూస్తే రోజూ తిరిగే రోడ్డే కొత్తగా ఉంది. బస్సుకోసం నిలబడ్డ ఆడవాళ్లు నోళ్లు తెరిచి చూస్తుంటే సంతోషం పట్టలేక అక్కర్లేని చోట కూడా హారను కొట్టింది. క్లీనరు సీట్లో కూర్చున్న తండ్రి మీసాల్లో నవ్వుకున్నాడు.

కాలవగట్టు ఎక్కి కొంత దూరం పోయేసరికి ఎదురుగా ధాన్యం లారీ. గట్టుమీద రెండు బండ్లు పట్టవు. అక్కడి కట్టుబాటు ఒక్కటే. లోడు బండి నిలబడుతుంది, ఖాళీ బండి వెనక్కి పోతుంది. తూము దగ్గర వెడల్పు దాకా అంటే రెండు ఫర్లాంగులు. ఎడమ పక్క నిండు కాలవ.

ధాన్యం లారీ డ్రైవరు దానం, సత్తిరాజుకు పాత స్నేహితుడు. స్టీరింగు దగ్గర రమణిని చూసి కంగారుగా దిగొచ్చాడు.

"సత్తిరాజుగారూ, మీరు తీసుకోండి. అమ్మాయిగారికెందుకండీ ఈ తిప్పలు?"

సత్తిరాజు తలుపు తీసుకుని దిగాడు. ఇక అయిపోయింది, నాన్న ఇటొచ్చి దిగమంటాడు, లారీ రావులపాలెం పోతుంది అనుకుంది రమణి. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

ఆయన ఇటు రాలేదు. తువ్వాలు తలకు చుట్టి బండి వెనక్కి నడిచాడు. దూరం మసకే గానీ కాళ్ల దగ్గరి గట్టంచు ఆయనకు కనిపిస్తుంది. ఎడమ మూల నిలబడి బాడీమీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. అవి క్లీనరు వేసే దెబ్బలు. రెండంటే రా, ఒకటంటే ఆగు.

రమణి రివర్సు వేసింది. రెండు దెబ్బలు, రెండు దెబ్బలు, ఉన్నట్టుండి ఒకటి. ఠక్కున ఆపి, స్టీరింగు సర్ది, మళ్లీ వదిలింది. చెమట కళ్లలోకి కారుతున్నా అద్దం మీంచి చూపు తిప్పలేదు. తూము దగ్గర బండి పక్కకొదిగేసరికి గట్టిగా అరవాలనిపించింది.

ధాన్యం లారీ పక్కకొచ్చి నెమ్మదించింది. "డ్రైవరుగారూ, బాగా దారిచ్చేరండి" అన్నాడు దానం.

రమణి అలవాటుగా తండ్రి వైపు చూసింది. ఆయన అప్పుడే క్లీనరు సీట్లోకి ఎక్కి మొహం తుడుచుకుంటున్నాడు.

"నన్నెందుకు చూస్తావమ్మా? పిలిచింది డ్రైవర్ని. పలుకు."