మీటింగులో చప్పుడు

పెద్దపేగు ఆపరేషన్ తర్వాత జయంతి మళ్లీ ఆఫీసుకు రావడం మొదలుపెట్టి మూడు వారాలైంది. మలం చేరేందుకు పొట్టకు అతికించిన సంచిలోకి గాలి ఎప్పుడు వస్తుందో, ఎంత చప్పుడు చేస్తుందో ఆమె చేతిలో లేదు. అందుకే మీటింగు ఉండే సోమవారాల్లో నల్లగండ్లలోని ఇంటి నుంచి ఏమీ తినకుండా బయలుదేరేది. ఆఫీసులో టిఫిన్ వద్దంటే అందరూ ఉపవాసమనుకున్నారు. ఆమె కాదనలేదు.

ఈరోజు గదిలో పదిమంది ఉన్నారు. ఆమె నిలబడి మాట్లాడుతుండగానే సంచి గట్టిగా బుర్రుమంది. జయంతి మోచేతిని పొట్టకు అదుముకుంది. అయినా మళ్లీ మోగింది.

"ఇగ చాలక్కా మీ ఉపవాసం," అంది పక్కనే కూర్చున్న రోహిణి. "కడుపు గిట్ల మొత్తుకుంటే దేవునికి గూడ నిద్ర పట్టదు. జర ఈ బిస్కెట్లన్న తినుండ్రి."

అందరూ నవ్వారు. జయంతి కూడా నవ్వి ఊరుకోవచ్చు. కానీ వచ్చే సోమవారం మళ్లీ ఆకలితో రావాలి, మళ్లీ ఇదే అబద్ధం మోయాలి. పైగా ఖాళీ కడుపులోనే గాలి ఎక్కువ చేరుతుందని నిన్న నర్సు ఫోన్లో కోప్పడింది.

"ఉపవాసం కాదు రోహిణీ. ఆపరేషన్ చేసి పొట్టకు సంచి పెట్టారు. ఆ చప్పుడు దానిది. నేను ఆపలేను."



"అయ్యో, నాకేమెరుక అక్కా!" అంది రోహిణి చిన్నగా.

"పర్లేదమ్మా. ఆ బిస్కెట్లు ఇటివ్వు. మీటింగు విషయం మిగతాది కూర్చుని చెప్తాను, నిలబడే ఓపిక లేదు," అంటూ జయంతి కుర్చీ లాక్కుంది.